శనివారం నేను సంతకం పెట్టను

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎవరిని కదిపినా ఏదో ఒక కోర్సు నేర్చుకుంటూ ఉండేవారు, లేదంటే నేర్చుకోవడం అయిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఉండేవారు. నేను రెండో రకం. మెట్రో కొత్తగా తిరుగుతోంది, దాని స్తంభాల మీద కూడా శిక్షణ కేంద్రాల కాగితాలు అంటించేశారు. నా కోర్సు ముగిసి ఐదు నెలలైంది. ఇచ్చిన ఇంటర్వ్యూలన్నీ "మళ్లీ చెబుతాం" దగ్గరే ఆగిపోయాయి. కృష్ణా జిల్లాలోని మా ఊరి నుంచి నాన్న ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "సంవత్సరం చివరికల్లా ఏదీ తేలకపోతే వచ్చెయ్‌రా, మన బడిలో లెక్కలు చెప్పడానికి మనిషి కావాలంటున్నారు" అనేవారు. లెక్కలంటే నాకు భయం. ఇంకొకరికి చెప్పడమంటే ఆ భయం వాళ్లకీ అంటించడమే. అందుకని ఎలాగైనా ఈ ఊళ్లోనే ఉద్యోగం సంపాదించాలని పట్టుబట్టి, ఈలోగా కాలక్షేపానికి ఒక జిరాక్స్ దుకాణంలో చేరాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మేం శనివారం పాటించే క్రైస్తవులం. శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం పొద్దుగూకేదాకా మాకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా మా ఇంట్లో వంట అయిపోయేది, బట్టలకి ఇస్త్రీ అయిపోయేది, ఆఖరికి నాన్న బూట్ల పాలిష్ కూడా అయిపోయేది. దీపాలు పెట్టే వేళకి అందరం చాప మీద కూర్చుని పాట అందుకునేవాళ్లం. ఆ పాట మొదలయ్యాక అమ్మ ఇక లేచేది కాదు. వారం మొత్తంలో అమ్మ కూర్చుని ఉండగా చూడటం నాకు అప్పుడే కుదిరేది. అయితే ఇరవై రెండేళ్ల వయసులో ఇవన్నీ గొప్ప సంగతులని ఎవరికి తోస్తుంది చెప్పండి? నా మటుకు సబ్బాతు అంటే పొద్దున చర్చి, మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత చీకటిపడేదాకా హాస్టల్ మంచం మీద ఒకటే నిద్ర.

దుకాణం యజమానిని అందరూ భాయ్ అనేవాళ్లు. శుక్రవారం జుమ్మా నమాజుకి వెళ్తూ దుకాణం నిండా గిరాకీ నిలబడి ఉన్నా షటర్ దించేసే మనిషి. చేరిన రోజే సంగతి చెప్పాను. "శనివారం రాను భాయ్, చర్చికి వెళ్లాలి. బదులుగా ఆదివారం చేస్తాను" అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకుని, "దేవుని కాడికి పోతనంటె నేనెట్ల వద్దంట? చర్చి ఎన్నింటికి అయితది?" అని అడిగాడు. నేను నిజం చెప్పేశాను. "పన్నెండున్నరకి." "మంచిగైంది. ఒంటిగంటకు వచ్చెయ్ మల్ల. శనివారం మస్తు గిరాకి ఉంటది" అన్నాడు. నా మధ్యాహ్నపు నిద్ర కళ్లముందే పోయేలా ఉంది. అప్పుడు మొదలుపెట్టాను.

"అలా కుదరదు భాయ్. చీకటిపడేదాకా ఏ పనీ ముట్టుకోకూడదు" అన్నాను. అది నిజమే. "కొనకూడదు, అమ్మకూడదు." అదీ నిజమే. అక్కడితో ఆపేస్తే ఈ కథ ఉండేది కాదు. దుకాణం మెట్ల మీద మిషన్ వేసుకుని, ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం చేసే దర్జీ ఒకాయన ఉండేవాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన యాభై ఏళ్ల మనిషి, అందరికీ మాస్టర్. ఆయన మిషన్ ఆపేసి నోరు తెరుచుకుని వింటున్నాడు. ఎవరైనా అంత శ్రద్ధగా వింటుంటే నాకు నోరు ఆగదు (ఇప్పటికీ ఆగదంటుంది మా ఆవిడ). "బండి ఎక్కకూడదు, ఎంత దూరమైనా నడిచే వెళ్లాలి. లిఫ్టు మీట నొక్కకూడదు. ఫోన్ ఎత్తకూడదు. కాగితం మీద సంతకం కూడా పెట్టకూడదు" అని వరసగా చెప్పేశాను. ఇవన్నీ అక్కడికక్కడ పుట్టినవే. మాస్టర్ అయితే వేరే సంగతి అడిగాడు. "మరి పొద్దంత ఏం చేస్తవ్ తమ్మీ?" "ఊరికే కూర్చుంటాను మాస్టర్, దేవుడి దగ్గర." "ఊకెనే?" "ఊరికే." ఆయన తల ఆడించి, "అబ్బా" అని మళ్లీ మిషన్ తొక్కాడు. భాయ్ నాకు శనివారం మొత్తం సెలవిచ్చాడు.

ఆ తర్వాత జరిగిందే నేను ఊహించనిది. భాయ్, మాస్టర్ ఇద్దరూ నమ్మారు. నమ్మి ఊరుకోలేదు, వీధి మొత్తానికి చెప్పి నాకు కాపలా కాయడం మొదలుపెట్టారు. ఒక శనివారం మధ్యాహ్నం చాయ్ బండి దగ్గర నిలబడితే అతను గ్లాసు వెనక్కి లాక్కుని, "ఇయ్యాల నీకు అమ్ముడు వద్దన్నడు భాయ్. జర పొద్దుగూకనియ్యి అన్న" అన్నాడు. మూల తిరిగి ఆటో ఎక్కబోతుంటే మాస్టర్ మెట్ల మీది నుంచి "తమ్మీ! బండి! బండి!" అని అరిచాడు. మా హాస్టల్ ఆంటీది గుంటూరు, ఆధార్ కాగితాల జిరాక్సులకి మా దుకాణానికే వచ్చేది. ఆవిడకీ ఈ సంగతి చేరింది. ఆ వారం నుంచి శనివారం పొద్దున అందరికీ పొగలు కక్కే ఇడ్లీ, నాకు మాత్రం రాత్రే తీసిపెట్టిన చల్లటి పెరుగన్నం. "ఏంటి ఆంటీ ఇది?" అంటే, "నీ కోసం పొద్దున్నే పొయ్యి వెలిగిస్తే ఆ పాపం నాకెందుకు బాబూ? నీ నియమం నీది" అంది. ఇంట్లో అమ్మ కూడా నన్ను ఇంత కట్టుదిట్టంగా పెంచలేదు.

ఇలా ఉండగా నవంబరులో ఒక కబురు వచ్చింది. సోమాజిగూడలో ఒక కంపెనీ వాళ్లు నేను నేర్చుకున్న కోర్సులోనే మనుషుల్ని తీసుకుంటున్నారు. ముందుగా ఏమీ పంపనక్కర్లేదు, నేరుగా వెళ్లి కూర్చోవడమే. పది నుంచి పన్నెండు వరకు. రోజు శనివారం. రెండు రోజులు నాలో నేనే కొట్టుమిట్టాడాను. నాన్న గడువు ఇంకా నెలన్నర కూడా లేదు. ఆఖరికి, దేవుడికి నా పరిస్థితి తెలియదా, ఒక్క శనివారానికి ఏమనుకోడులే అని తేల్చేసుకున్నాను. దేవుడితో ఇబ్బంది లేదనిపించింది. ఇబ్బందల్లా వీధితోనే. కాకపోతే అదృష్టం ఏంటంటే మా చర్చి పంజాగుట్టలో ఉంది, సోమాజిగూడ దాని అవతల. చర్చికి వేసుకునే తెల్లచొక్కా, నల్ల ప్యాంటే ఇంటర్వ్యూకీ సరిపోతాయి. చేతిసంచిలో బైబిలు పైన, రెజ్యూమె ఫైలు కింద. చర్చి దాటి నడుచుకుంటూ పోతే అడిగే నాథుడుండడు అనుకున్నాను.

శనివారం ఎనిమిదిన్నరకి హాస్టల్ మెట్లు దిగేసరికి కింద మాస్టర్ నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, నూనె పెట్టి దువ్విన తల, మెళ్లో మాత్రం కొలత టేపు అలాగే వేలాడుతోంది. "నేను సుత వస్త తమ్మీ, మీ చర్చికి" అన్నాడు. నేను సంచి వీపు వెనక్కి పెట్టుకున్నాను. "పెళ్లిళ్ల సీజన్ కదా మాస్టర్, మీకు పని..." అన్నాను. "ఉన్నది. మస్తు ఉన్నది. మూడు రాత్రుల సంది నిద్రలేదు. పని ఉంటనే ఉంటది. పొద్దంత ఏం చెయ్యకుండ మనిషి ఎట్ల కూసుంటడో జర సూడాలె. నువ్వు చెప్పినప్పటి సంది గదే నా మనసుల తిరుగుతుంది" అన్నాడు. ఏం చెప్పి వదిలించుకోను? ఆటో ఎక్కడానికి లేదు, నడవాలి కదా. ఇద్దరం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా దుమ్ములో, హారన్ల మధ్య నడిచాం. దారి పొడుగునా ఆయన ఎదురొచ్చే వాళ్ల చొక్కాల కుట్లు చూసి తప్పులు చెబుతూనే ఉన్నాడు. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను.

సరే, ఆయన్ని లోపల కూర్చోబెట్టి, పక్క తలుపు నుంచి జారుకుందామని కొత్త పథకం వేశాను. ఆఖరి బెంచీ, గోడవైపు ఆయన, ఇవతల నేను. చర్చిలో అందరూ ఆయనకి నమస్కారం పెట్టారు, ఒక తాతగారు పాటల పుస్తకం ఇచ్చారు. మాస్టర్ నా చెవిలో, "మీ పాస్టర్ సాబ్ కోటు ఎడమ భుజం కాడ లాగుతుంది, ఎవ్వడు కుట్టిండో" అన్నాడు. మొదటి పాట అయింది. ప్రార్థన అయింది. పది కావడానికి పది నిమిషాలుంది. ఇక లేద్దామనుకుంటూ ఉండగా నా భుజం మీద ఏదో బరువు పడింది. చూస్తే మాస్టర్ తల. నోరు కొంచెం తెరిచి, చేతిలో పాటల పుస్తకం అలాగే పట్టుకుని గాఢంగా నిద్రపోతున్నాడు.

మెల్లగా భుజం జరిపాను. తల కూడా జరిగి మళ్లీ నా మీదికే వచ్చింది. అలా మూడుసార్లు చేశాను. మూడోసారి ఆయన నిద్రలోనే "అయిపోయింది సార్, గుండీల కాజాలొక్కటే ఉన్నయి" అన్నాడు. ముందు బెంచీలోని ఆవిడ వెనక్కి తిరిగి చూసి నవ్వింది. పదింబావు అయింది. పదిన్నర అయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కోపం, ఆరోజు లిఫ్టు దగ్గర్నుంచి సంతకం దాకా వాగిన నా నోటి మీద కోపం, చివరికి దేవుడి మీద కూడా కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆయన తల గోడకి ఆనించి వెళ్లిపోవచ్చు. పన్నెండు దాకా టైముంది, పరుగెత్తితే పావుగంట దారి. కానీ మూడు రాత్రుల సంది నిద్రలేదు అన్న మాట గుర్తొచ్చి చెయ్యి రాలేదు. ఆ మనిషి మిషన్ తల మీద నుదురు ఆనించి రెండు నిమిషాలు కునుకు తియ్యడం రోజూ చూసేవాణ్ని. ఎవరో ఒకరు వచ్చి ప్యాంటు ఆయన ముందు పడేసి లేపేవారు.

పదకొండు దాటాక గడియారం చూడటం మానేశాను. పాస్టరు గారు ఏదో చెబుతున్నారు, పైన ఫ్యాను తిరుగుతోంది, మాస్టర్ ఊపిరి నా మెడకి తగులుతోంది. ఆ తర్వాత ఏం జరిగిందని అడిగితే నేను చెప్పలేను, ఎందుకంటే ఏమీ జరగలేదు. ఉద్యోగం, నాన్న గడువు, లెక్కల క్లాసు అన్నీ అలాగే ఉన్నాయి. వాటి గురించి నేను ఏదో ఒకటి చెయ్యాలన్న ఆత్రం మాత్రం కాసేపు లేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి నేను కూర్చున్న చోట నిజంగా కూర్చున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి శనివారం చర్చికి వెళ్తున్నవాణ్ని, దేవుడి దగ్గర కూర్చోవడమంటే ఇదేనేమోనని అప్పుడనిపించింది. నాకు హాయిగా ఉంది.

ఆఖరి ప్రార్థనకి అందరూ లేచి నిలబడితే మాస్టర్ ఉలిక్కిపడి లేచాడు. మూతి తుడుచుకుని, చుట్టూ చూసి, "నన్నెందుకు లేపలె తమ్మీ?" అన్నాడు. "పడుకున్నారు కదా అని" అన్నాను. "మిషన్ కాడ కన్ను మూస్తె గిరాకి లేపుతది. ఇంట్ల పంటె పిల్లలు లేపుతరు. గీడ ఇంతమంది ఉన్నరు, ఎవ్వరు లేపలె" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం వింటూ ఆయన చేతిలోని పాటల పుస్తకం అందుకుని బెంచీ మీద పెట్టాను. తర్వాత ప్రేమ విందు (చర్చిలో అందరూ కలిసి తినే భోజనానికి మా వాళ్లు పెట్టుకున్న పేరు). వరసలో కూర్చోబోతూ సంచి కింద పెట్టేసరికి ఫైలు జారి పడింది, లోపలి నుంచి టై కట్టుకున్న నా ఫొటో బయటికొచ్చింది. "గిదేంది?" అన్నాడు మాస్టర్. పులిహోర ముందు పెట్టుకుని ఇక అబద్ధం చెప్పలేక ఇంటర్వ్యూ సంగతి మొత్తం చెప్పేశాను.

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని నన్ను చూశాడు. "నా తలకాయ కోసం కొలువు ఇడిసిపెట్టినవా? అరే, నేనైతే తలకాయ అవతలికి తోసి పోయేటోణ్ని!" అన్నాడు. అని, చెయ్యి కడుక్కుని నన్ను రెక్క పట్టుకుని లేపి సోమాజిగూడకి నడిపించాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆటోలు పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ పిలుస్తున్నా ఎక్కనివ్వలేదు. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, "పన్నెండుకే బంద్ అయింది" అన్నాడు. మాస్టర్ వదల్లేదు. "మా తమ్ముడు దేవుని కాడ కూసున్నడు సార్, గందుకే ఆలస్యం అయింది. జర సూడుండ్రి" అని బతిమాలాడు. సెక్యూరిటీ ఆయన జాలిపడి, "సరె, కాగితం ఇచ్చి పోండ్రి, లోపల ఇస్త. గీ రిజిస్టర్ల పేరు రాసి సైన్ చెయ్యి" అన్నాడు. నేను గబుక్కున పెన్ను అందుకున్నాను. మాస్టర్ నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు! ఇయ్యాల శనివారం!"

అప్పటికప్పుడు సెక్యూరిటీ ఆయనకి నా నియమాలన్నీ అప్పజెప్పాడు మాస్టర్, లిఫ్టుతో సహా. సెక్యూరిటీ ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "గంత నియమం ఉన్నోడు శనివారం గీడికి ఎందుకొచ్చిండు మల్ల?" అన్నాడు. మాస్టర్ పెన్ను లాక్కుని, బట్ట మీద సుద్దముక్కతో గీసేటప్పటి శ్రద్ధతో, నాలుక బయటపెట్టి, తన పేరు తెలుగులో రాసి సంతకం పెట్టాడు. వచ్చిన పని అన్నచోట "తమ్ముని కొలువు" అని రాశాడు.

మంగళవారం నా ఫోన్ మాస్టర్ మిషన్ బల్ల మీద చార్జింగులో ఉండగా మోగింది. నేను లోపల స్పైరల్ బైండింగ్ చేస్తున్నాను. మాస్టర్ ఎత్తాడు. ఆయన గొంతు నాకు వినబడుతూనే ఉంది. "హలో, ఆ, ఉన్నడు మేడం... ఇంటర్వ్యూనా? మంచిగైంది మేడం. ఎప్పుడు? శనివారం పది గంటలకా?" నేను చేతిలో కాగితాలు పడేసి పరుగెత్తాను. "శనివారం రాడు మేడం. వాళ్ల దేవుని దినం. ఆదివారం రమ్మంటె వస్తడు, తెల్లారంగ రమ్మన్నా వస్తడు. శనివారం మాత్రం... హలో? హలో?" ఫోన్ నా చేతికిచ్చి, "ఖుల్లంఖుల్ల, ఉన్నదున్నట్టు చెప్పిన తమ్మీ, నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నాడు గర్వంగా.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కోపమై బయటికొచ్చింది. "మిమ్మల్నెవరు చెప్పమన్నారు మాస్టర్? నా ఉద్యోగం పోయింది! ఆ నియమాలన్నీ నేను కల్పించినవే. లిఫ్టు లేదు, ఫోన్ లేదు, బండి లేదు. సంతకం పెట్టకూడదని ఎక్కడా లేదు. మధ్యాహ్నం పడుకోడానికి చెప్పిన అబద్ధాలు అవి!" అని అరిచేశాను. భాయ్ జిరాక్స్ మిషన్ ఆపేశాడు. చాయ్ తెచ్చినతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. మాస్టర్ నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాడు. ఆయన ముఖం చిన్నబోయింది. "అన్నీ ఝూటేనా తమ్మీ?" అన్నాడు. "అన్నీ" అన్నాను. "దేవుని కాడ ఊకెనే కూసునుడు? గది సుత?"

నా కోపం అక్కడే ఆగిపోయింది. శనివారం ఆ బెంచీ మీద ఈ భుజంతోనే కదా కూర్చున్నాను! "అది నిజం మాస్టర్" అన్నాను. "అదొక్కటే నిజం." ఆయన నావంక ఒక్క క్షణం చూసి, చేతిలోని ప్యాంటు మిషన్ మీద సర్దుకుని, "గదొక్కటి చెప్తె సరిపోతుండె గద. గన్ని ఎందుకు చెప్పినవు?" అన్నాడు. భాయ్ తల అడ్డంగా ఊపి మళ్లీ జిరాక్స్ మిషన్ వేశాడు.

ఆ సాయంత్రం ఆ నంబరుకి నేనే ఫోన్ చేశాను. శనివారం వస్తానని చెప్పే వీలు అప్పటికీ ఉంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "శనివారం తప్ప ఏ రోజైనా వస్తానండి" అన్నాను. ఆవిడ మళ్లీ చెబుతామంది. ఇంకా చెప్పలేదు. నాన్న గొణుక్కుంటూ ఇంకో రెండు నెలలు గడువిచ్చారు, ఫిబ్రవరిలో బేగంపేటలో ఒక చిన్న ఆఫీసులో కుదిరాను. మాస్టర్ ఆ తర్వాత కూడా మూడు శనివారాలు నాతో వచ్చాడు. ప్రతిసారీ ఈసారి నిద్రపోనని మాట ఇచ్చేవాడు, ఒక్కసారీ నిలబెట్టుకోలేదు. ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు, శనివారం మీరు ఫోన్‌లో కూడా దొరకరేంటి సార్, ఏం చేస్తారు అని అడుగుతుంటారు. "దేవుడి దగ్గర కూర్చుంటాను" అంటాను. ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూసి వెళ్లిపోతారు. ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడైతే ఈపాటికి వాళ్లకి ఆరు నియమాలు చెప్పి పంపేవాడు. వాడి దగ్గర నియమాలన్నీ ఉండేవి, ఈ ఒక్క మాట మాత్రం ఇంకొకరు అడిగేదాకా నోటికి రాలేదు పాపం.